ఈనె ఆరేదాకా

ఏసోబు నా చేతిలో పెట్టిన మెమొరీ కార్డు
చింతగింజ కన్నా చిన్నది.
"ఆరు ఆల్బమ్‌లున్నయ్ మావా, మొదటినించి వరసన విను.
మధ్యలో దూకావంటే నామీద ఒట్టే."
ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు,
మిగతా రోజులు నాతోపాటు ఆకు కర్రలు మోస్తాడు.
బ్యాండు పేరు రెండుసార్లు చెప్పాడు, నోరు తిరగలా.
"బురదవాగు అన్నదమ్ములు అనుకో పో."
అనుకున్నా.

కొండపికి నాలుగు మైళ్ళ అవతల
బ్యారన్ నిండా ఆకు.
తొంభై అయిదు దగ్గర పాదరసాన్ని నిలబెట్టి
పసుపెక్కేదాకా రెండు రాత్రులు కాయాలి.
పొయ్యి ముందు గోనెపట్టా. చెవిలో తీగ.

మొదటిది నచ్చలా.
పచ్చి సుబాబుల్ మొద్దు లాంటి పాటలు,
పొగ ఎక్కువ, సెగ తక్కువ.
మూడు గిటార్లు ఒక్కసారే ఎత్తుకున్నయ్,
వేలంలో ముగ్గురు బయ్యర్లు ఒకే బేలు మీద పడ్డట్టు.
ఇంగిలీసు నాకు రాదు. గ్రేడు చూడ్డం వచ్చు.
నోబిడ్, అని పక్కన పెట్టా.

రెండోది వింటా నిద్రపోయా, దాచేదేముంది.
మెలకువొచ్చేసరికి ఒక్క గిటారే మిగిలుంది,
తతిమ్మా ఇద్దరూ ఇళ్ళకు పోయినట్టు.
అది ఒకే చోట తిరుగుతా తిరుగుతా
అప్పు లెక్క తేలని మనిషి
వేళ్ళు మళ్ళీ మళ్ళీ ముడుచుకున్నట్టు.
థర్మామీటరు చూస్తే తొంభై కిందికి జారింది.
గబగబా మొద్దు తోసి
ఆ పాటే మళ్ళీ పెట్టా.

మూడోదాంట్లో తెలిసిన మాట ఒకటి వినపడింది.
వర్జీనియా.
లేచి కూర్చున్నా.
ముప్పై ఏళ్ళుగా నా నోట్లో నానుతున్న మాట.
వర్జీనియా నారు, వర్జీనియా ఆకు,
వర్జీనియా మీద తెచ్చిన బాకీ.
విత్తనం పేరనుకున్నా,
కాకుంటే ఎవరో దొరసాని పేరు.
"రాష్ట్రం మావా అది. వీళ్ళది అక్కడే" అని
తెల్లారి ఏసోబు ఫోన్లో అట్టబొమ్మ చూపించాడు.
ఎర్రమట్టి. రేకుల కప్పు బ్యారన్.
తలుపు కాడ జులపాల మనుషులు నలుగురు,
ఒకడి వేళ్ళ కొసలు నల్లగా.
జిగురు.
సబ్బుకు పోనిది, అన్నం కలిపితే చేదెక్కించేది.
నీడేమో మావా, అన్నాడు ఏసోబు.
నేనైతే జిగురే అంటా.

నాలుగో రాత్రి సెగ పెంచాం.
పాటలో గొంతు మారింది.
పెద్దోడు లారీ కింద పోయాడంట, తమ్ముడు పాడుతున్నాడు.
ఆకు ఆరింది గానీ ఈనె పచ్చిగానే ఉంది,
పైకి గలగల, విరిస్తే తడి.
ఇట్టాంటి ఆకు బేలు తొక్కితే బూజు పట్టుద్ది,
ఏరి అవతల పారేస్తాం.
దీన్ని పారెయ్యబుద్ధి కాలా.

అయిదోది డబ్బుల కోసం చేసినట్టుంది.
అందరం చేస్తాం.

ఆఖరి రాత్రి నూట అరవై.
గోడకు చెయ్యానిస్తే కాలుద్ది.
రెండోదాంట్లో నన్ను నిద్రలేపిన పాట
ఆరోదాంట్లో మళ్ళీ వచ్చింది, ముసలి నడకతో.
అన్న పాడిన చోటు రాంగానే
ఎవరూ పాడలా.
వట్టి డ్రమ్ము నడుస్తా ఉంది,
పక్కన మనిషి లేడని తెలిసీ
అతనికి సగం బాట వదిలి నడిచినట్టు.

టీ తెచ్చిన మాలకొండమ్మ
"ఏముంది అందులో, అరుపులేగా" అని
రెండో తీగ లాక్కుని చెవిలో పెట్టుకుంది.
గ్లాసు చల్లారినా తియ్యలా.
"ఇక్కడెవరో పాడాలి గదా" అంది.

పొద్దున తలుపు తీస్తే
గుప్పున తీపి వాసన, కళ్ళు మండే పసుపు.
ఒక ఈనె విరిచా, టక్కుమంది.
ఏది బాగుందో చెప్పమని ఏసోబు వెంటపడ్డాడు.
ఏం చెప్పను.
నోబిడ్ పడ్డ బేలుని విప్పి, మళ్ళీ తొక్కించి
మర్నాడు అదే వేలానికి తోలుకుపోతాం గదా.
బ్యారన్ కడుగుతా, ఎవరికీ చెప్పకుండా
మొదటిది మళ్ళీ పెట్టా.